అది ఆగాక చెప్తాను

బుధవారం ఉదయం పది గంటల నాలుగు నిమిషాలకు పడవ మనిషి గొంతు మారింది. ఆ సమయానికి రేవులో మూడు వేల నూట నలభై మంది ఉన్నారు. తర్వాత పంతొమ్మిది నిమిషాల పాటు వాళ్ళలో ఒక్కరూ పడవ ఎక్కలేదు.

రేవూ, పడవా, పడవ మనిషీ ఒక ఆటలోవి. ఫోన్లలో, కంప్యూటర్లలో ఆడే ఆట. మొదలై పదమూడేళ్ళయింది. అందులో కోటలున్నాయి, కత్తులున్నాయి, మూడో ఊరు దాటాక ఒక నది ఉంది. నది మీద ఎప్పుడూ మంచు పట్టి ఉంటుంది. అవతలి ఒడ్డు కనబడదు. ఇవతలి ఒడ్డున పడవలో ఒక ఆడమనిషి తలకు గుడ్డ చుట్టుకుని కూర్చుంటుంది. దగ్గరికి వెళితే, "నది దాటాలంటే నా మాట వినాలి" అంటుంది. వెంటనే, "కాస్త ఆగు. అది ఆగాక చెప్తాను" అంటుంది. ఆ తర్వాత ఆటగాడు బటన్ నొక్కితే, "పడవ సిద్ధం. ఎక్కు" అంటుంది. నొక్కకపోతే ఏమీ అనదు. గంటసేపు నిలబడ్డా అనదు.

ఈ మూడింటిలో మధ్య మాట కంపెనీ రాసి ఇచ్చింది కాదు.

ఆ గొంతు ఇచ్చినావిడ ఇప్పుడు కర్టెన్లు కుట్టే షాపులో పనిచేస్తోంది. వయసు నలభై మూడు. అంతకుముందు ప్రకటనలకు, కార్టూన్లకు, ఆటలకు గొంతు ఇచ్చేది. అపార్ట్‌మెంట్లో ఇప్పటికీ ఆమెను డబ్బింగావిడ అనే అంటారు. నాలుగేళ్ళ క్రితం జబ్బు చేసి, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. మెడకు ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి ఆసుపత్రివాళ్ళు ఇచ్చారు. రెండు రోజులు వాడి, పెట్టెతో సహా అలమారు పైన పెట్టేసింది. ఇప్పుడు పలక మీద రాస్తుంది. తొందరైతే పెదాలు కదుపుతుంది. మరీ తొందరైతే చప్పట్లు కొడుతుంది.

ఒక చప్పట అంటే ఇటు రా అని. రెండు చప్పట్లంటే తప్పు, కొట్టెయ్ అని.

రెండు చప్పట్లు డబ్బింగ్ రోజుల అలవాటు. స్టూడియోకి వెళ్ళే పని లేనప్పుడు ఇంట్లోనే బట్టల అలమారు ముందు బొంతలు వేలాడదీసి, వాటి మధ్య మైకు పెట్టుకుని మాట చెప్పేది. రికార్డు చేసేవాడు మరిది. మాట తప్పినా, బయటి చప్పుడు పడినా ఆమె మైకు ముందు రెండు చప్పట్లు కొట్టేది. కంప్యూటర్లో ఆ చోట రెండు గీతలు నిలువుగా లేచి కనబడతాయి. కంపెనీలో కత్తిరించే మనిషి కూర్చుని అంతా వినక్కర్లేదు. గీతలు చూసి, వాటి ముందున్న ముక్క తీసేస్తాడు.

పద్నాలుగేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం ఆమె చప్పట్లు కొట్టలేదు. ఐదు నెలల కూతురు ఒళ్ళో నిద్రపోతోంది. మాట మధ్యలో గోడ అవతల లిఫ్టు కదిలింది. ఆమె మరిదిని కాస్త ఆగమంది. గీతలు లేవు కాబట్టి కత్తిరించే మనిషి ఆ ముక్కను తీయలేదు. మాట ఆగిన చోట కోశాడు. అది ముందు మాటకు అతుక్కుని ఆటలోకి వెళ్ళిపోయింది.

తప్పెవరిదన్న దాని మీద వదినా మరుదుల మధ్య పద్నాలుగేళ్ళుగా వాదన నడుస్తోంది. చప్పట్లు కొట్టకపోయినా ఏదో రకంగా గుర్తు చెప్పానని ఆమె అంటుంది. ఏం చెప్పలేదు, చెప్పి ఉంటే నోటుబుక్కులో టైము రాసుకునేవాణ్ణి కదా అని మరిది అంటాడు. ఆమె భర్త ఓడల్లో వంటవాడు. ఇంట్లో ఉండే నాలుగు నెలలూ ఈ వాదన వినలేక ఇద్దరికీ చెరో కప్పు టీ ఇచ్చి, టీ తాగినంతసేపూ మాట్లాడొద్దని షరతు పెట్టేవాడు. ఈ సంగతులు జరిగినప్పుడు అతను ఓడ మీద ఉన్నాడు.

*

ఆటగాళ్ళకు లిఫ్టు సంగతి తెలియదు. ఆగమంది కాబట్టి ఆగారు.

ఏది ఆగాలో మొదటి ఏడాది వాదించుకున్నారు. నది అన్నవాళ్ళున్నారు, మంచు అన్నవాళ్ళున్నారు. ఒకాయన గడియారం దగ్గర పెట్టుకుని తొమ్మిది గంటలు నిలబడ్డాడు. ఏదీ ఆగలేదు. కానీ నిలబడితే బాగుందని రాశాడు. ఆ తర్వాత జనం ఊరికే వచ్చి నిలబడటం మొదలైంది. రేవులోకి వచ్చినవాళ్ళు కత్తులు కింద పెడతారు. ఎవరూ ఎవరితోనూ యుద్ధం చేయరు. ఇది కంపెనీ పెట్టిన నియమం కాదు. పరీక్ష ముందు వస్తారు. ఉద్యోగం పోయిన రోజు వస్తారు. ఇంట్లో మాటామాటా అనుకుని, కాసేపు ఎక్కడికైనా పోవాలనిపించి, పోవడానికి చోటు లేక వస్తారు. మంచులో వరసగా నిలబడతారు. పక్కవాడు ఎవడో తెలియదు. అలా నిలబడటాన్ని 'ఆగి రావడం' అంటారు. పడవ మనిషిని పడవక్క అంటారు.

కూతురికి పదకొండో ఏట ఈ సంగతి తెలిసింది. అప్పటికి తల్లి మాట్లాడక ఏడాదైంది. బాబాయి ఫోన్లో ఆట పెట్టి, ఒడ్డుకు తీసుకెళ్ళి వినిపించాడు. ఆ రోజునుంచి స్కూలు నుంచి రాగానే సంచీ దించకుండా ముందు రేవుకు వెళ్ళేది. మధ్య మాట విని, బయటికి వచ్చి, అప్పుడు కాళ్ళు కడుక్కునేది.

తల్లి గొంతు ఇంకా చాలా చోట్ల ఉంది. కార్టూన్లో ఉడుత ఉంది. సబ్బు ప్రకటనలో కోడలు ఉంది. ఇంట్లో తీసిన వీడియోలు మూడు ఉన్నాయి, మూడింట్లోనూ టీవీ మోగుతూ ఉంటుంది. తల్లి ఒకసారి పలక మీద, ఉడుత గొంతు బాగుంటుంది కదా, అది వినొచ్చు కదా అని రాసింది.

"అవన్నీ నువ్వు కాదు. అదొక్కటే నువ్వు," అంది కూతురు.

*

కంపెనీ ఉత్తరం ఆ బుధవారానికి పన్నెండు రోజుల ముందు, శుక్రవారం వచ్చింది. తల్లి దాన్ని షాపులో చదివింది.

షాపులో ఆమె కాక ముగ్గురు. షాపు నడిపే పెద్దావిడ. ఇస్త్రీ చేసే ఆవిడ. ఇళ్ళకు వెళ్ళి కిటికీలు కొలిచి వచ్చే ఆయన. పైకప్పు నుంచి తానులు తానులుగా గుడ్డ వేలాడుతుంది. గాలి తగిలినప్పుడు గది అంతా ఒకసారి ముందుకు వచ్చి వెనక్కు వెళ్ళినట్టుంటుంది. ఇస్త్రీ ఆవిరి గుడ్డల వెనక నుంచి లేస్తుంది. మనుషులు కనబడరు, మాటలు మాత్రం వినబడతాయి.

ఉత్తరంలో రెండు సంగతులున్నాయి. ఒకటి, ఆటలోని పాత గొంతులన్నిటినీ తీసేసి, ఆ పాత రికార్డింగుల నుంచే యంత్రంతో కొత్తగా చేయిస్తున్నారు. దానికి ఒప్పందం తొమ్మిదో పేజీలో ఆమె సంతకం ఉంది. రాతప్రతిలో లేని మాటలను తొలగిస్తారు. రెండు, ఒక మాట విషయంలో ఆటగాళ్ళ నుంచి నలభై వేల అర్జీలు వచ్చాయి. ఆ మాట పొరపాటున పడింది కాదు, నటనలో భాగంగానే అన్నానని ఆమె రాసిస్తే, ఆ ఒక్క ముక్కనూ పాత గొంతుతోనే ఉంచుతారు. అయితే ఆగాక ఏం చెప్పాలనుకుందో కూడా రాయాలి. దాన్ని ఆమె గొంతుతో యంత్రం చెబుతుంది. గడువు పదకొండు రోజులు, పైవారం తర్వాతి మంగళవారం సాయంత్రం ఐదు దాకా.

ఆమె ఫోన్ను బల్ల మీద పెట్టింది. పెద్దావిడ తీసి పైకి చదివింది. గుడ్డల వెనక ఇస్త్రీపెట్టె ఆగింది.

షాపులో కంపెనీల మీద అభిప్రాయాలకు ఎప్పుడూ కొదవ లేదు. పెద్దావిడకు నిరుడు ఎవరో ఒక్క స్టారు రేటింగు ఇచ్చారు, అదీ వేరే షాపు కర్టెన్ ఫోటో పెట్టి. పద్నాలుగుసార్లు ఫిర్యాదు రాసింది. పద్నాలుగుసార్లూ 'మీ అభిప్రాయం మాకు విలువైనది' అని జవాబు వచ్చింది. అప్పటినుంచి షాపులో ఎవరి మీద కోపం వచ్చినా ఆమె ఆ మాటే అంటుంది. ఇస్త్రీ ఆవిడ నమ్మకం వేరు. ఫోను వింటుందని ఆమె నమ్మకం. మోకాళ్ళ నొప్పి గురించి చెల్లెలితో మాట్లాడిన గంటకు మోకాళ్ళ నూనె ప్రకటన వచ్చిందట. డబ్బింగావిడకు మటుకు సంబంధం లేని ప్రకటనలు వస్తాయి, ట్రాక్టర్లు, పడవ ఇంజన్లు. నోరు విప్పని మనిషితో ఏం చేయాలో ఫోనుకు తెలియడం లేదని ఇస్త్రీ ఆవిడ అంటే, అందరికంటే ముందు డబ్బింగావిడే భుజాలు కదిలేలా నవ్వింది. కొలతలాయన రోజుకు ఆరిళ్ళు చూస్తాడు. కిటికీకి రెండు పొరల గుడ్డ కావాలని అడిగే ఇంట్లోవాళ్ళే, ఆ కిటికీ ముందు నిలబడి తమ ఫోటో ఊరందరికీ పెడతారని, ఈ కంపెనీలు చల్లగుండాలి గానీ మన వ్యాపారం ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమని అంటాడు.

 ఆ రోజు ఇస్త్రీ ఆవిడ గుడ్డ పక్కకు తీసి తల బయటపెట్టింది.

"నీ గొంతు వాళ్ళ దగ్గర ఎందుకుందే పిల్లా," అని అడిగింది.

డబ్బింగావిడ పలక మీద, అమ్మాను, అని రాసింది.

*

ఆదివారం మరిది వచ్చాడు. ఉత్తరం రెండుసార్లు చదివి, ఇందులో ఆలోచించడానికేముంది, రాసెయ్యమన్నాడు. నలభై వేలమంది మనసు పెట్టుకున్న మాట అది, లిఫ్టు కోసం అన్నావని ఎవడికి చెప్పాలి, చెబితే ఎవడికి లాభం అన్నాడు. కంపెనీలు మనతో నిజం చెప్పాయా మనం చెప్పడానికి అన్నాడు. తను ఒక ఫోన్ వాడకం ఒప్పందం మొత్తం చదువుదామని కూర్చుంటే మూడో పేజీలో నిద్రపోయానని, నిద్రలో వేలు తగిలి ఒప్పుకున్నట్టయిందని చెప్పాడు.

"ఏదో ఒకటి రాసెయ్ వదినా. గొంతు ఉంటుంది. పిచ్చుక వింటుంది," అన్నాడు.

పిచ్చుక అంటే కూతురు. రెండో ఏట గింజల్లాంటివన్నీ ఏరుకుని నోట్లో పెట్టుకుంటుంటే ఆ పేరు తనే పెట్టానని మరిది చెప్పుకుంటాడు.

ఏం రాయాలన్నది తేలలేదు. కంపెనీ ప్రకటన చూసి ఆటగాళ్ళు తలా ఒకటి సూచిస్తున్నారు. కూతురు వాటిని నోటుబుక్కులోకి ఎక్కిస్తూ వచ్చింది. నది ఆగదు, నువ్వే వెళ్ళు అన్నది ఒకటి. అవతలి ఒడ్డున నీకోసం ఎవరూ లేరు, అయినా పద అన్నది ఒకటి. నీళ్ళు తాగావా అని అడిగితే చాలన్నారు ఇంకెవరో. ఇస్త్రీ ఆవిడ కూడా ఒకటి చెప్పి పంపింది. ఆగింది, ఇంక ఇంటికి పోయి పడుకో అని. మొత్తం అరవై రెండు. తల్లి అన్నీ చదివింది. కొన్ని బాగున్నాయని టిక్కు పెట్టింది. కానీ పలక మీద ఏదీ ఎక్కించలేదు.

ఉత్తరం చివర ఒక లింకు ఉంది. అందులో ఏదైనా వాక్యం కొడితే, యంత్రం ఆమె గొంతుతో ఎలా చెబుతుందో ముందుగా వినొచ్చు. సోమవారం సాయంత్రం కూతురు దాన్ని తెరిచింది. తల్లి వంటగదిలో చెంబులు సర్దుతోంది. కిటికీలోంచి ఎండ వచ్చి గచ్చు మీద తలుపు ఆకారంలో పడి ఉంది. కూతురు నోటుబుక్కు తెరవలేదు. కాసేపు ఖాళీ గడి వైపు చూసి, తనకు తోచిన వాక్యం కొట్టింది.

కంప్యూటరు, "పిచ్చుకా, అన్నానికి రా," అంది.

తల్లి గొంతే. తేడా ఏమీ లేదు. పిచ్చుకా అన్నచోట కాస్త సాగదీసింది కూడా. వంటగదిలో చెంబుల చప్పుడు ఆగింది. కూతురు కుర్చీలోంచి లేవబోయి కూర్చుంది. ఆ తర్వాత మళ్ళీ నొక్కింది.

"పిచ్చుకా, అన్నానికి రా."

రెండోసారీ అదే సాగదీత, అక్కడే, అంతే. మూడోసారి నొక్కినప్పుడూ అంతే.

వంటగది గుమ్మంలో రెండు చప్పట్లు వినబడ్డాయి.

కూతురు తిరిగి చూసింది. తల్లి చేతులు తడిగా ఉన్నాయి. ఆ తడి చేతులతోనే మళ్ళీ రెండు చప్పట్లు కొట్టింది. కూతురు కంప్యూటరు మూసింది.

*

మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకు, షాపులో కుట్టుమిషను పక్కన కూర్చుని, తల్లి జవాబు రాసింది. పెద్దావిడ దాన్ని కంపెనీకి పంపింది. జవాబు ఇది:

'ఆ మాట నటనలో భాగం కాదు. మా మరిదితో అన్నాను. మా అపార్ట్‌మెంట్లో లిఫ్టు నడుస్తోంది. అలాంటప్పుడు నేను చప్పట్లు కొడతాను. ఆ రోజు మా అమ్మాయి ఒళ్ళో నిద్రపోతోంది కాబట్టి కొట్టలేదు. ఆగాక ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. గుర్తులేనిది రాయలేను. నేను అనని మాట నా గొంతుతో దాని పక్కన పెట్టొద్దు. ఆ రోజు మేం పంపిన పూర్తి రికార్డింగు మీ దగ్గర ఉంటే మా అమ్మాయికి పంపండి.'

నాలుగు గంటల ఒక నిమిషానికి కంపెనీ నుంచి జవాబు వచ్చింది. 'మీ అభిప్రాయం మాకు విలువైనది.'

పెద్దావిడ దాన్ని పైకి చదివి, ఫోను బోర్లించి పెట్టింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళి తల్లి తను పంపిన జవాబును కూతురికి చూపించింది. కూతురు చదివి వెనక్కి ఇచ్చింది. యంత్రం మాట వద్దంటే సరే, అది తనకూ వద్దు, కానీ ఉన్న ఒక్క మాటనూ ఎందుకు పోగొట్టావని అడిగింది. తల్లి పలక తీసుకుంది. ఏదో రాసింది, తుడిచింది. కూతురు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ ఇంట్లో నోరు తెరిచి మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఆ సాయంత్రం ఆమె కూడా మానేసింది.

*

బుధవారం ఉదయం కూతురు స్కూలుకని బయలుదేరి, తొమ్మిదీ నలభైకి షాపు గుమ్మంలో కనబడింది. యూనిఫాంలో ఉంది. తల్లివైపు చూడకుండా కొలతలాయన పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. స్కూలు ఎందుకు మానావని ఎవరూ అడగలేదు. కొలతలాయన పదింటికి ఒక ఇంటికి వెళ్ళాల్సి ఉంది. కిటికీలు ఎక్కడికీ పోవులే అని టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

పెద్దావిడ కంప్యూటర్లో రేవు తెరిచారు. అప్పటికే జనం నిండి ఉన్నారు. ఒడ్డు పొడవునా, మంచు లోపలికి, కనుచూపు మేర మనుషులు. కత్తులు ఇసుకలో పడి ఉన్నాయి. ఎవరూ కదలడం లేదు. ఆట అలవాటు లేని ఇస్త్రీ ఆవిడ అంతమందిని చూసి, వీళ్ళంతా ఏం చేస్తున్నారని అడిగింది. ఆగుతున్నారని కొలతలాయన చెప్పాడు. ఏది ఆగడానికని ఆవిడ అడగలేదు. తెర ముందుకు వచ్చి ఆవిడ కూడా నిలబడింది.

తొమ్మిదీ యాభై ఎనిమిదికి కూతురు తన మనిషిని పడవ దగ్గరికి నడిపించింది.

"నది దాటాలంటే నా మాట వినాలి. కాస్త ఆగు. అది ఆగాక చెప్తాను."

గాలికి పైనున్న గుడ్డలు ఒకసారి ముందుకు వచ్చి వెనక్కు వెళ్ళాయి. కూతురు తన మనిషిని వెనక్కి జరిపి మళ్ళీ దగ్గరికి నడిపించింది. ఇంకోసారి. పది దాటింది. పదీ మూడయింది. పదీ నాలుగుకి తెర ఒక్క క్షణం తెల్లగా అయి, మళ్ళీ నది వచ్చింది. మంచు అలాగే ఉంది. కూతురు మళ్ళీ పడవ దగ్గరికి నడిపించింది.

"నది దాటాలంటే నా మాట వినాలి. పడవ సిద్ధం. ఎక్కు."

మధ్యలో ఏమీ లేదు.

"ఇది నువ్వు కాదు," అంది ఇస్త్రీ ఆవిడ.

రేవులో ఎవరూ కదల్లేదు. పడవ మనిషి ఎక్కమంటూనే ఉంది, ఒక్కొక్కరి దగ్గరా అదే మాట, అదే సాగదీత. జనం నిలబడే ఉన్నారు. తల్లి మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి కూతురి వెనక నిలబడింది. కూతురు వెనక్కి తిరగలేదు, కానీ వెనక్కి వాలింది. పంతొమ్మిది నిమిషాల తర్వాత ఎవరో ఒకరు పడవ ఎక్కారు. తర్వాత ఇంకొకరు. మిగతావాళ్ళు ఉండిపోయారు.

కంపెనీ ఆ రోజు విడుదల చేసిన మార్పుల జాబితాలో ముప్పై ఒకటో అంశం ఇది: 'రేవు వద్ద పొరపాటున చేరిన వాక్యం తొలగించబడింది.' దాని కింద సాయంత్రానికి ఆరు వేల వ్యాఖ్యలు పడ్డాయి. లిఫ్టు సంగతి ఎలాగో బయటికి వచ్చింది. కొందరు పడవక్కను తిట్టారు. నిజం ఎవరడిగారని రాశారు. కంపెనీలకు ఆట తెలుసు గానీ ఆడేవాళ్ళు తెలియదని ఒకరు రాశారు. తన అపార్ట్‌మెంట్లో కూడా లిఫ్టు ఉందని, ఇక మీదట అది కదిలినప్పుడల్లా ఆగుతానని ఇంకొకరు రాశారు. ఆ వ్యాఖ్యకు అన్నిటికంటే ఎక్కువ లైకులు వచ్చాయి.

*

శనివారం ఉదయం ఎనిమిదీ పదికి కూతురి ఈమెయిలుకు ఒక ఫైలు వచ్చింది. పంపినది కంపెనీలో పాత రికార్డింగులు దాచే విభాగం. పలకరింపు లేదు, సంతకం లేదు. ఫైలు పేరు ఒక అంకె, నలభై ఒకటి. నిడివి ఒక నిమిషం యాభై రెండు సెకన్లు.

ఆ సమయానికి మరిది కూడా ఇంట్లో ఉన్నాడు. ముగ్గురూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని విన్నారు.

మొదటి ఆరు సెకన్లు ఏమీ లేదు. ఏడో సెకనులో పడవ మనిషి గొంతు, నది దాటాలంటే నా మాట వినాలి అంది. వెంటనే గోడ అవతల ఒక మోటారు మొదలైంది. పడవ మనిషి గొంతు పోయి, ఇంటి గొంతు వచ్చింది. "కాస్త ఆగు. అది ఆగాక చెప్తాను." మోటారు యాభై సెకన్లు నడిచింది. ఎక్కడో తలుపు తెరుచుకుని మూసుకుంది. తర్వాత నిశ్శబ్దం. అందులో ఒక ఊపిరి వినబడుతోంది. చిన్నది, మైకుకు దగ్గరగా ఉంది. తీసుకుంటోంది, వదులుతోంది.

కూతురు కంప్యూటరు శబ్దం పెంచింది.

"ఆగింది. టైము రాసుకో," అంది తల్లి గొంతు, బాగా తగ్గించి. "పిచ్చుక నిద్రపోతోంది. చప్పట్లు కొట్టను."

"ఆఁ, రాశాను వదినా," అంది ఒక మగ గొంతు.

ఆ తర్వాత ముప్పై రెండు సెకన్లు ఊపిరి మాత్రమే ఉంది. ఫైలు అయిపోయింది.

 తల్లి మరిది వైపు చూసింది. మరిది పైకప్పు వైపు చూశాడు. కూతురు మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. పిచ్చుక అన్నచోట సాగదీత లేదు. ఐదు నెలలప్పుడే ఆ పేరు ఉంది.

నాలుగోసారి వింటుండగా మరిది లేచి తన ఇంటికి వెళ్ళాడు. గంటకు తిరిగి వచ్చాడు. చేతిలో పాత నోటుబుక్కు ఉంది. అట్ట మీద ఆటపేరు, ఏడాది రాసి ఉన్నాయి. బల్ల మీద పెట్టి, తారీఖు వెతికి, ఆ పేజీ తెరిచాడు. ఒకటి నుంచి అరవై ఎనిమిది దాకా ఆ రోజు చెప్పిన మాటల నంబర్లు వరసగా ఉన్నాయి. తీసేయాల్సిన వాటి పక్కన టైము రాసి ఉంది. ఏడో నంబరు పక్కన ఉంది. పంతొమ్మిది పక్కన ఉంది. యాభై మూడు పక్కన రెండు ఉన్నాయి.

నలభై ఒకటి పక్కన ఏమీ లేదు.